ఫిట్స్ అన్నీ మూర్ఛ కావు

2025 మాఘమాసం. మోపిదేవి మండలంలో ఒక ఊరు. పసుపు తవ్వే రోజులు. కూలీలు వరసగా కూర్చుని కొమ్ములకు మట్టి దులుపుతున్నారు.

ఆ వరసలో ఒక ఇల్లాలు ఉంది. ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. పొద్దుట్నించీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఉన్నట్టుండి "తల తిరుగుతోంది వదినా" అంది. పక్కనున్నామె పట్టుకునేలోగా ఒరిగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. కాసేపు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి.

అందరూ చుట్టూ మూగారు.

"ఫిట్స్! తాళాల గుత్తి తెండి, చేతిలో పెట్టండి" అన్నాడు ఒకాయన.

"ఫిట్స్ కాదు, ఏదో సోకింది. కాలవ గట్టు మీద దిష్టి నిమ్మకాయ తొక్కి ఉంటది" అంది ఒక పెద్దావిడ.

"ఏమీ లేదు. నిన్న అప్పులోళ్ళు ఇంటికొచ్చారుగా. అందుకే ఈ నాటకం" అన్నాడు మేస్త్రి.

పది నిమిషాలకు ఆమె కళ్ళు తెరిచింది. ఏడ్చింది. ఆమెకు ఒళ్ళు తెలియలేదని అందరూ అనుకున్నారు. కానీ పడి ఉన్నప్పుడు కూడా మేస్త్రి మాట ఆమెకు వినబడింది. జవాబు చెబుదామంటే నోరు కదల్లేదు.

ఈ ఇల్లాలు పాఠం కోసం కల్పించిన మనిషి. అందుకే పేరు పెట్టలేదు. ఇలాంటి మనిషి ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు. మన ఇంట్లోనే ఉండొచ్చు.

ఆ రోజు పొలంలో మూడు మాటలు వినిపించాయి. మూర్ఛ, దయ్యం, నాటకం. ఈ మూడూ కాని నాలుగో సంగతి ఒకటుంది. అదేమిటో తెలుసుకుందాం.

మూర్ఛ అంటే ఏమిటి?

మన మెదడులో కోట్లాది కణాలున్నాయి. అవి సన్నని కరెంటుతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కరెంటు ఒక్కసారిగా గతి తప్పితే ఫిట్స్ వస్తాయి. ఇలా మళ్ళీ మళ్ళీ వస్తే దాన్ని మూర్ఛ జబ్బు అంటారు. తలకు పెద్ద దెబ్బ తగిలినా, పుట్టేటప్పుడు బిడ్డకు ఊపిరి అందకపోయినా మూర్ఛ రావచ్చు. ఇంకా చాలా కారణాలున్నాయి. సరైన మాత్రలు వాడితే పది మందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చు.

మెదడు కరెంటును చూసే పరీక్ష పేరు ఇ.ఇ.జి. జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు కరెంటును గీతలుగా పట్టి చూపాడు. ఆ తర్వాత మూర్ఛను గుర్తించడం తేలికయింది.

అదే పరీక్ష ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. కొందరికి ఫిట్స్ వస్తుండగానే పరీక్ష చేశారు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. గీతలు మాత్రం మూర్ఛ గీతల్లా లేవు. అంటే ఆ ఫిట్స్ మూర్ఛ వల్ల వచ్చినవి కావు. వీటిని డాక్టర్లు ఫంక్షనల్ ఫిట్స్ అంటారు. మెదడులో పుండు లేదు, గడ్డ లేదు. మెదడు పనిచేసే తీరు కాసేపు తప్పుతుంది. అదీ దాని అర్థం.

గట్టు బాగున్నా కాలవ పొర్లుతుంది

మన కాలవనే చూడండి. గట్టు గట్టిగా ఉంది. లాకులు బాగున్నాయి. అయినా ఎగువ నుంచి నీరు ఒక్కసారిగా ముంచుకొస్తే కాలవ పట్టలేదు. పొర్లుతుంది. పొర్లడం నిజమే. చేను మునగడం నిజమే.

ఈ ఫిట్స్ కూడా కొంత అలాంటివే. భయం, దుఃఖం, ఒత్తిడి పట్టరానంత అయినప్పుడు మెదడు శరీరం మీద పట్టును కాసేపు వదిలేస్తుంది. కొందరికి చుట్టూ జరిగేది తెలుస్తుంది. కొందరికి ఏమీ తెలియదు. ఇది మనిషి కావాలని చేసేది కాదు. ఆపుకుందామన్నా ఆగదు. పడ్డప్పుడు దెబ్బలూ తగులుతాయి. కాబట్టి ఇది నాటకం కాదు.

పూర్వం దీన్ని హిస్టీరియా అనేవారు. గ్రీకు భాషలో ఆ మాటకు మూలం గర్భసంచి. గర్భసంచి వల్లే ఈ జబ్బు వస్తుందని ఆ కాలం వారు నమ్మారు. పారిస్ నగరంలో సాల్పెట్రియేర్ అనే ఆసుపత్రి ఉంది. అక్కడ షార్కో అనే పెద్ద డాక్టరు 1870, 1880 ప్రాంతాల్లో ఇలాంటి రోగులను శ్రద్ధగా చూశాడు. మగవాళ్ళకు కూడా ఇది వస్తుందని చెప్పాడు. 1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. గుండ్ల మోత మధ్య నుంచి వచ్చిన సైనికుల్లో కొందరికి ఒళ్ళు వణికేది, మాట పడిపోయేది, ఫిట్స్ వచ్చేవి. వాళ్ళు పిరికివాళ్ళు కారు.

ఈ ఫిట్స్ వచ్చేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ. ఇంచుమించు నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. అయినా ఇది ఆడవాళ్ళ జబ్బు కాదు. ఎవరికైనా రావచ్చు.

నేల, విత్తు, నీరు

ఈ ఫిట్స్‌కు ఒక్కటే కారణం ఉండదు. మొక్క మొలవాలంటే నేల కావాలి, విత్తు కావాలి, నీరు కావాలి. ఇక్కడ కూడా మూడు రకాల కారణాలు కలుస్తాయి.

మొదటిది నేల. అంటే పాత బాధలు. చిన్నప్పుడు తిన్న దెబ్బలు, ఎవరికీ చెప్పుకోలేని అత్యాచారం, అయినవాళ్ళ చావు, చాలా కాలంగా ఉన్న దిగులు, భయం. తలకు తగిలిన దెబ్బ కూడా ఇందులోకి రావచ్చు. మూర్ఛ ఉన్నవారిలో కొందరికి ఈ ఫిట్స్ కూడా వస్తాయి.

రెండోది విత్తు. అంటే ఈ మధ్య తగిలిన దెబ్బ. ఇంట్లో గొడవ, ప్రమాదం, ఆపరేషన్, పంట నష్టం, అప్పు, విడిపోవడం.

మూడోది నీరు. అంటే ఫిట్స్‌ను పెంచి పోషించేవి. మళ్ళీ వస్తుందేమోనన్న భయం. నలుగురూ నవ్వుతారని ఇంట్లోనే ఉండిపోవడం. పని పోవడం. ఎవరూ నమ్మకపోవడం. జబ్బు పేరు తెలియక ఏళ్ళ తరబడి అక్కర్లేని మాత్రలు మింగడం.

ఆ ఇల్లాలి సంగతి చూడండి. చిన్నప్పుడు నాన్న తాగి వచ్చి అమ్మను కొట్టేవాడు. ఆమె తలుపు చాటున నక్కి ఉండేది. 2021లో కరోనా వచ్చి అన్న పోయాడు. కడసారి చూపు కూడా దక్కలేదు. ఇది నేల.

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చింది. బ్యారేజి కట్టాక అంత వరద అంతకు ముందు ఎన్నడూ రాలేదు. లంక పొలాలు మునిగాయి. వాటిలో ఆమె, ఆమె భర్త కౌలుకు చేసిన అరటీ పసుపూ ఉన్నాయి. పెట్టుబడి అప్పు మిగిలింది. సొంత పసుపు పోయి, ఇంకొకరి పసుపు తవ్వడానికి కూలికి వచ్చింది. వారం వారం కిస్తీ కోసం ఫైనాన్సు వాళ్ళు గుమ్మంలో కూర్చుంటున్నారు. ఇది విత్తు.

మేస్త్రి అన్న "నాటకం" అనే మాట నీరు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొందరిలో చెప్పుకోదగ్గ పాత బాధ ఏదీ కనిపించదు. అయినా ఫిట్స్ వస్తాయి. "నీకేదో జరిగే ఉంటది, చెప్పు చెప్పు" అని ఎవరినీ గుచ్చి అడగకూడదు. చెప్పాలనుకున్నప్పుడు వాళ్ళే చెబుతారు. వినడానికి మనం సిద్ధంగా ఉంటే చాలు.

ఎలా గుర్తిస్తారు?

ఫంక్షనల్ ఫిట్స్‌లో తరచు కళ్ళు మూసుకుని ఉంటాయి. తల అటూ ఇటూ ఊగుతుంది. కొట్టుకోవడం ఆగి ఆగి వస్తుంది. చాలాసేపు ఉంటుంది. కొందరు ఏడుస్తారు. మూర్ఛలో తరచు కళ్ళు తెరిచి ఉంటాయి. ఎక్కువసార్లు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. నాలుక పక్క భాగం తెగవచ్చు.

అయితే ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని తీర్పు చెప్పకూడదు. చూసి చెప్పడంలో అనుభవమున్న డాక్టరు కూడా పొరపడవచ్చు. "ఇది ఉత్తుత్తి ఫిట్స్‌లే" అని వదిలేస్తే, అది నిజంగా మూర్ఛ అయితే ప్రాణం మీదికి రావచ్చు. మూర్ఛ కాని ఫిట్స్‌ను మూర్ఛ అనుకుంటే అక్కర్లేని మందులు, సూదులు పడతాయి. రెండు వైపులా ప్రమాదమే.

పెద్ద ఆసుపత్రుల్లో వీడియో ఇ.ఇ.జి. అనే పరీక్ష ఉంది. రోగిని మంచం మీద ఉంచి, కెమెరాతో వీడియో తీస్తూ, మెదడు గీతలు కూడా తీస్తారు. ఫిట్స్ వచ్చినప్పుడు రెండూ కలిపి చూస్తారు. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. ఫిట్స్ లేనప్పుడు తీసిన మామూలు ఇ.ఇ.జి. బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేం.

మనం చేయగలిగిన పని ఒకటుంది. ఫిట్స్ వచ్చినప్పుడు ఇంటివాళ్ళు సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. అది డాక్టరుకు చూపించడానికే. పదిమందికి పంపడానికి కాదు.

అత్తగారు చెప్పిన మాట

ఊళ్ళోని ఆశా కార్యకర్త చెప్పగా అత్తగారు కోడల్ని ముందు అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపారు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"ఇది మూర్ఛ కాదమ్మా. కానీ ఫిట్స్ నిజం, బాధ నిజం. మీ కోడలు కావాలని చేయడం లేదు" అంది.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

"మా అమ్మ కూడా ఇట్టాగే పడిపోయేది తల్లీ. ఉప్పెన నాటికి నాకు తొమ్మిదేళ్ళు. నీళ్ళల్లో మా చెల్లి చెయ్యి అమ్మ చేతిలోంచి జారిపోయింది. ఆ తర్వాత గాలి గట్టిగా వీచినా అమ్మ పడిపోయేది. చచ్చిపోయిన పిల్ల పట్టుకుందన్నారు. వేపమండలతో కొట్టారు. చేతుల మీద వాతలు పెట్టారు. ఆ మచ్చలు అమ్మ పోయేదాకా ఉన్నాయి. అది దయ్యం కాదా తల్లీ?"

"మీ అమ్మగారిని నేను చూడలేదు. చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు" అంది డాక్టరమ్మ. "కానీ ఒక్కటి చెప్పగలను. బిడ్డ చెయ్యి జారిపోయిన తల్లికి కావలసింది వేపమండలు కాదు."

ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. సముద్రం దివిసీమ మీద పడింది. పదివేల మందికి తక్కువ కాకుండా చనిపోయారు. బతికినవాళ్ళకు బియ్యం ఇచ్చారు, బట్టలిచ్చారు, ఇళ్ళు కట్టారు. మనసుకు తగిలిన దెబ్బ గురించి అడిగేవాళ్ళు ఆ రోజుల్లో తక్కువ.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "పద ఇంటికెళ్దాం. ఇంకెవరన్నా నాటకం అంటే నేను చెబుతాను" అంది.

వైద్యం ఏమిటి?

జబ్బు పేరు సరిగా చెప్పడమే వైద్యంలో మొదటి మెట్టు. "నీకు పిచ్చి లేదు, నువ్వు నటించడం లేదు, ఇది తగ్గే అవకాశం ఉంది" అని వినగానే కొందరికి ఫిట్స్ తగ్గుతాయి.

రెండో మెట్టు మాటల చికిత్స. మానసిక వైద్యులు, కౌన్సిలర్లు చేస్తారు. ఫిట్స్ వచ్చే ముందు ఒంట్లో ఏం తెలుస్తుందో గుర్తుపట్టడం నేర్పుతారు. గుండె దడ, తల తిరగడం, చేతులు చల్లబడటం లాంటివి. అప్పుడు ఏం చేయాలో నేర్పుతారు. పాదాలు నేలకు గట్టిగా ఆనించాలి. చుట్టూ కనబడే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పాలి. మెల్లగా ఊపిరి వదలాలి. మనసు భయం మీద నుంచి నేల మీదికి వస్తుంది.

ఈ చికిత్స మంత్రం కాదు. బ్రిటన్‌లో 368 మందితో చేసిన ఒక పరిశోధన ఫలితం 2020లో వచ్చింది. మాటల చికిత్స తీసుకున్న వారికీ, మామూలు వైద్యం మాత్రమే అందుకున్న వారికీ ఏడాది తర్వాత ఫిట్స్ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ చికిత్స తీసుకున్నవారికి మనసులో బాధ తగ్గింది. పనులు చేసుకోవడం, నలుగురిలో తిరగడం మెరుగయింది. బతుకు కుదుటపడటం కూడా వైద్యమే కదా.

మూర్ఛ మాత్రలు ఈ ఫిట్స్‌ను ఆపవు. అయినా డాక్టరును అడగకుండా మాత్రలు ఒక్కసారిగా మానకూడదు. అది ప్రమాదం. రెండు జబ్బులూ ఉన్నవారికి మూర్ఛ మాత్రలు కావాలి. దిగులు, భయం ఎక్కువగా ఉంటే వాటికి వేరే మందులు ఇస్తారు.

మూడో మెట్టు ఇంటిదీ ఊరిదీ. అప్పు బరువు డాక్టరు దింపలేడు. ఇంట్లో దెబ్బలు మాత్రతో ఆగవు. ఆ ఇంట్లో భార్యాభర్తలు అప్పుల లెక్క మొదటిసారి కలిసి కూర్చుని రాసుకున్నారు. పొదుపు సంఘం ఆడవాళ్ళు ఫైనాన్సు వాళ్ళతో మాట్లాడి గడువు అడిగారు. ఇదీ వైద్యంలో భాగమే.

గుడికి వెళ్ళవద్దా?

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నాగపూజలు చేయిస్తారు. మొక్కులు తీర్చుకుంటారు. మొక్కుకోవడం తప్పు కాదు. గుడిలో కూర్చుంటే కొందరికి మనసు నెమ్మదిస్తుంది. కానీ మొక్కు ఆసుపత్రికి అడ్డు రాకూడదు.

వాతలు పెట్టడం, కొట్టడం, మిరపకాయల పొగ వేయడం, గొలుసులతో కట్టడం వైద్యం కాదు, హింస. మానసిక రోగులను గొలుసులతో కట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఫిట్స్ వచ్చినప్పుడు

ఏ రకం ఫిట్స్ అయినా ముందు చేయవలసినవి ఇవే:

1. భయపడకండి. గుంపును దూరంగా పంపండి. గాలి రానివ్వండి.
2. రాళ్ళు, కొడవలి, పొయ్యి, నీరు దగ్గరలో ఉంటే తప్పించండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి.
3. గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోండి.
4. కొట్టుకోవడం తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
5. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకండి.
6. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు, ఏవీ పెట్టకండి. తాళాలు చేతిలో పెడితే ఫిట్స్ ఆగవు.
7. గిల్లడం, చెంప మీద కొట్టడం చేయకండి.
8. "నేను పక్కనే ఉన్నాను, భయం లేదు" అని మెల్లగా చెప్పండి. వాళ్ళకు వినబడుతూ ఉండవచ్చు.

అయిదు నిమిషాలు దాటినా, మొదటిసారి వచ్చినా, గర్భిణి అయినా, దెబ్బ తగిలినా, ఊపిరి కష్టమయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫంక్షనల్ ఫిట్స్ అని డాక్టరు ముందే తేల్చి ఉంటే, ఆయన చెప్పినట్టు చేయండి.

మనసు బాగాలేనప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దీని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలయింది. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. ఇంట్లో హింస ఉంటే ఆడవాళ్ళు 181కి ఫోన్ చేయవచ్చు.

మళ్ళీ పొలంలో

కొన్నాళ్ళకు ఆ ఇల్లాలు మళ్ళీ కూలికి వచ్చింది. ఫిట్స్ పూర్తిగా పోలేదు. వారానికి రెండు మూడు వచ్చేవి, ఇప్పుడు నెలకు ఒకటో రెండో వస్తున్నాయి.

ఒకరోజు కలుపు తీస్తుండగా ఆమె చేతులు చల్లబడ్డాయి. గెనెం మీద కూర్చుని పాదాలు నేలకు ఆనించింది. "కొడవలి, టిఫిను, చెట్టు, గొడుగు..." అని పైకి చెప్పుకుంది. అయిదో మాట రాకముందే ఒరిగింది.

ఈసారి ఎవరూ తాళాలు తేలేదు. పక్కనున్నామె వచ్చి కూర్చుంది. "నేనిక్కడే ఉన్నా వదినా" అంది.

జనం మూగబోయారు. మేస్త్రి అడ్డం నిలబడ్డాడు.

"జరగండి, జరగండి. గాలి రానివ్వండి" అన్నాడు.

ఆ మాట కూడా ఆమెకు వినబడింది.

కొత్త మాటలు

ఫంక్షనల్ ఫిట్స్: మెదడు పనిచేసే తీరు కాసేపు తప్పడం వల్ల వచ్చే ఫిట్స్. మూర్ఛ కాదు.
ఇ.ఇ.జి.: మెదడు కరెంటును గీతలుగా చూపే పరీక్ష.
మాటల చికిత్స: మాట్లాడి, వినిపించుకుని, కొత్త అలవాట్లు నేర్పి చేసే వైద్యం.

జవాబులు చెప్పండి

1. పొలంలో జనం అన్న మూడు మాటలు ఏవి? అవి ఎందుకు సరి కావు?
2. నేల, విత్తు, నీరు అంటే ఈ పాఠంలో ఏమిటి?
3. ఫిట్స్ వచ్చినప్పుడు చేయకూడని పనులు నాలుగు రాయండి.
4. మూర్ఛ మాత్రలు సొంతంగా ఎందుకు మానకూడదు?

అందరూ కలిసి మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఎవరికైనా ఫిట్స్ వస్తే జనం ఏం చేస్తారు? వాళ్ళ పేర్లు చెప్పకుండా మాట్లాడుకోండి. వాటిలో ఏవి మానాలి? 108, 14416, 181 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి చదువుల కేంద్రం గోడకు అంటించండి.